ఎనిమిది యూనిట్ల అన్నం

నలభై ఆరు. సుగరు మీటరు మీద ఆ అంకె వచ్చి పది నిమిషాలైంది, ఇప్పుడు ఎటు చూసినా అదే కనిపిస్తోంది, కొత్త గోడ మీద అదే, ప్రియ నుదుటి మీద చెమటలో అదే. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి నాలుగు నిమిషాలైంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ వేలు గుచ్చి చూడాలి. ఇంకా పదకొండు నిమిషాలు. ఈ పదకొండు నిమిషాలూ నేను చేయగలిగింది కూర్చోవడం ఒక్కటే, పళ్ళు బిగబట్టుకుని కూర్చోవడం. నా కూతురికి పద్నాలుగేళ్ళు. నా మరిది యుగంధర్ కట్టుకున్న కొత్త ఇంట్లో, రంగు వాసన ఇంకా పోని గదిలో, బియ్యం బస్తాలకీ కానుకగా వచ్చిన స్టీలు బిందెలకీ మధ్య చాప మీద పడుకుని ఉంది. తల నా ఒళ్ళో ఉంది. దాని చేతులు ఇంకా వణుకుతున్నాయి. తలుపు అవతల షామియానా కింద మూడో బంతి నడుస్తోంది. సాంబారు, సాంబారు అని అరుస్తున్నారు, ఎవరికో పప్పు అందలేదట. గృహప్రవేశానికి కంచిలి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి, వచ్చినవాళ్ళందరూ ఇప్పుడు ఒకే మాట నములుతున్నారు, పెద్ద కోడలు ఉషారాణి అత్తని తోసేసిందట. అవును, తోశాను. పిల్లకి ఏమైందని మాత్రం ఒక్కరూ తలుపు తట్టి అడగలేదు.

ప్రొద్దున పలాసలో స్కూటరు ఎక్కేటప్పుడు అడిగింది ఇది, ఇయ్యాల లడ్డూ తింతానమ్మా, అందర్తోపాటు కూకుని తింతాను అని. తినకూడదని ఎవరన్నారు? ఐదేళ్ళుగా ఇదే మాట ఎంతమందికి చెప్పానో, దీనికి వచ్చింది చిన్నపిల్లలకి వచ్చే సుగరు, ఒంట్లో ఇన్సులిన్ అసలే తయారవదు, బయటినుంచి సూదితో వేయాలి, తినబోయేదాంట్లో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో లెక్కకట్టి దానికి సరిపడా వేయాలి, లెక్క కుదిరితే ఏదైనా తినొచ్చు. వింటారు, తలూపుతారు, అయితే తీపి పెట్టకూడదన్నమాట అంటారు. మేమిద్దరం ఈ గదిలోనే తలుపు వేసుకుని లెక్కకట్టాం. పులిహోర ఒక గరిట ఇరవై గ్రాములు, అన్నం ముప్పై, లడ్డూ పెద్దదే కాబట్టి ముప్పై. మొత్తం ఎనభై. దీనికి మధ్యాహ్నం పూట పది గ్రాములకి ఒక యూనిట్. ఎనిమిది యూనిట్లు అని అదే చెప్పింది, నేను కాదు. పొట్ట మీద అదే పొడుచుకుంది. ఇన్సులిన్ పెన్ను సంచిలో పెట్టేసి, జడ ముందుకి వేసుకుని, నవ్వుకుంటూ బంతిలోకి వెళ్ళింది. నేను వంటల వైపు వెళ్ళాను, పెద్ద కోడలు పని చేస్తూ కనపడాలి కదా, కనపడకపోతే అదొక మాట. అక్కడ గిన్నెలు అందిస్తూ నిలబడ్డాను. ఇక్కడ దీని ఆకులో లడ్డూ వేశారు. మా అత్త రత్నాలమ్మ ఆ వరస వెంబడే నడుస్తూ వచ్చి, వంగి, దీని ఆకులోంచి లడ్డూ చేత్తో తీసేసింది. అంతటితో ఆగలేదు, అన్నం కూడా సగం పైన వెనక్కి లాగి పక్కవాళ్ళ ఆకులో వేసింది. “సుగరు గుంటవి, నీకు లడ్డూ ఏటే! అన్నం కూడా ఇంత వొద్దు. మీ యమ్మకి బుద్ది లేదు, నీకైనా ఉండాల” అంది. బంతి బంతంతా చూసింది. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వారట, ఇదంతా ఇప్పుడు నా ఒళ్ళో పడుకుని ముక్కముక్కలుగా ఇదే చెప్పింది. ఇది ఉన్న నాలుగు ముద్దలూ తిని, ఆకు మడిచి లేచింది. లోపల ఎనిమిది యూనిట్లు ఎనభై గ్రాముల కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి. వాటికి అందింది ముప్పై.

ఇన్సులిన్‌కి మొహమాటం ఉండదు. లోపలికి వెళ్ళాక లడ్డూ వచ్చిందా లేదా అని చూడదు, దాని పని అది చేసుకుపోతుంది, రక్తంలో ఉన్న చక్కెరని ఊడ్చేస్తుంది, ఊడ్చేసి మెదడుకి కూడా మిగల్చదు. గంట తర్వాత ఇంటి వెనక జీడితోటలో చెట్టు మొదట్లో కూర్చుని కనపడింది నాకు. చెమటకి జాకెట్టు వీపంతా తడిసిపోయి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. “ఏటి తిన్నావే?” అని అడిగితే “రేపు లెక్కల పరీచ్చ” అంది. రేపు ఆదివారం. దాని సంచిలోంచి మీటరు తీసి చూశాను, నలభై ఆరు. ఎక్కడికి వెళ్ళినా నా దగ్గర గ్లూకోజు పొట్లం ఉంటుంది, ఈ రోజు అది స్కూటరు డిక్కీలో ఉండిపోయింది, స్కూటరేమో నీళ్ళ టిన్నుల కోసం కంచిలి వెళ్ళింది, దాంతోపాటు నా మొగుడు ధనుంజయ్. పిల్లని ఈ గదిలోకి తెచ్చి పడుకోబెట్టి వంటలవైపు పరుగెత్తాను. పంచదార డబ్బా మూత తీశాను, చెంచా ముంచాను. అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది. “ఏటి సేత్తన్నావే! సుగరు గుంటకి పంచదార పోత్తావా! సంపేత్తావేటే దాన్ని?” అని అరిచింది. వొదులు అత్తా, దానికి సుగరు పడిపోనాది అన్నాను. వదల్లేదు. వినలేదు. డెబ్భై ఏళ్ళ చెయ్యి అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు. చెంచాలోది నేలపాలైంది. అప్పుడు తోశాను. రెండు చేతులతో, భుజాల మీద, నాకున్న బలమంతా పెట్టి తోశాను. ఆవిడ వెనక్కి వెళ్ళి కూరగాయల బుట్టల మీద కూలబడింది. మోచెయ్యి గీరుకుని ఉంటుంది, నేను ఆగి చూడలేదు, డబ్బా పట్టుకుని పరుగెత్తాను.

పదిహేను నిమిషాలు. వేలు గుచ్చాను. అంకె వచ్చే ఐదు సెకన్లు కూడా ఐదు సెకన్లలా లేవు. యాభై ఎనిమిది. పెరిగింది, చాలదు, డెబ్భై దాటాలి. ఇంకో మూడు చెంచాలు కలిపాను, నాలుగు గుక్కల్లో తాగింది, తాగుతూ నా చెయ్యి పట్టుకుంది. మళ్ళీ పదిహేను. దాని కాటుక చెదిరి చెంప దాకా కారింది, తుడుద్దామని కొంగు తీసి ఆగిపోయాను, తుడిస్తే ఏడుస్తానేమో అని, ఏడిస్తే కోపం పోతుందేమో అని. కోపం పోకూడదు. ఈ కోపం లేకపోతే ఐదేళ్ళ కిందటే ఈ పిల్ల నాకు మిగిలేది కాదు. అప్పుడు తొమ్మిదేళ్ళు దీనికి, కడవలు కడవలు నీళ్ళు తాగేది, పక్క తడిపేది, ఎముకలు కనపడేవి. ఎండల వల్ల అన్నారు. బడికి వెళ్ళే భయం అన్నారు. ఒకరోజు వాంతులు పట్టుకుని, పరుగెత్తుకొచ్చినదానిలా రొప్పుతూ ఉంటే, వీధిలో మందులిచ్చే ఆయన వచ్చి నీరసం అని గ్లూకోజు బాటిల్ ఎక్కించాడు. చక్కెర ఐదు వందలు దాటిన పిల్లకి గ్లూకోజు బాటిల్! సగం ఎక్కాక నేనే పీకేశాను, ఎందుకు పీకానో నాకే తెలీదు, దాని నోట్లోంచి కుళ్ళిన పండు వాసన వచ్చింది, ఇది నీరసం కాదు అనిపించింది. పీకినందుకు ఆయన తిట్టాడు, మా అత్త తిట్టింది, డాక్టరుకంటే నువ్వే ఎక్కువా అని ధనుంజయ్ తిట్టాడు. అంబులెన్సులో టెక్కలి, టెక్కలి నుంచి శ్రీకాకుళం, అక్కడినుంచి విశాఖపట్నం. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. నాలుగో రోజు తెరిచి, అమ్మా ఆకలి అంది.

అక్కడ రజని అని ఒక నర్సమ్మ ఉండేది, సంతబొమ్మాళి వైపు అమ్మాయి. పెద్ద డాక్టరు ఇచ్చిన కాగితంలో ఓట్సు, బ్రౌను బ్రెడ్డు, యాపిల్ ఉన్నాయి, ఎన్ని గ్రాములో పక్కనే ఉన్నాయి. మరి చద్దన్నం ఎంత, పనస తొన ఎంత, తాటి ముంజె ఎంత, జీడిపండు ఎంత అని అడిగాను. కాగితంలో లేవు. ఆ అమ్మాయి నవ్వి, సెలవు రోజున ఇంటి నుంచి పనస తొనలు తెచ్చి, తూకం వేసి, ఫోన్లో వెతికి, కాగితం వెనకవైపు రాసిచ్చింది. తినేదాన్ని శత్రువులా చూడకక్కా, కొలిచి పెట్టు అంది. ఆ మాట నాకు అర్థమైంది. పదహారేళ్ళుగా పలాసలో జీడిపప్పు ఒలుస్తున్నాను, జీడి నూనెకి నా వేళ్ళ చర్మం ఊడి మళ్ళీ మొలిచింది, గుప్పిట్లోకి తీసుకుంటే ఎంత తూకమో కళ్ళు మూసుకుని చెప్తాను. అన్నం కూడా అలాగే నేర్చుకున్నాను. మా ఇంటి చిన్న గరిటకి పదిహేను గ్రాములు, ఇడ్లీ పన్నెండు, అట్టు ఇరవై. తిన్న రెండు గంటలకి వేలు గుచ్చి చూసి, ఎక్కువొస్తే ఎక్కడ తప్పు కొలిచానో వెతుక్కునేదాన్ని. బడికి వెళ్ళి టీచర్లకి చెప్పాను. అన్నీ నేర్చుకున్నాను. జనం నోళ్ళు మూయించడం ఒక్కటే నేర్చుకోలేకపోయాను. చిన్నప్పుడు చాక్లెట్లు ఎక్కువ తినిపించావా అంటారు. సూదులేస్తే కిడ్నీలు పోతాయి అంటారు. మా ఉద్దానం ఊళ్ళలో ఆ మాట ఒక్కటి అంటే చాలు, గుండె జారిపోతుంది, ఇక్కడ ఏ వీధిలో చూసినా కిడ్నీ పోయిన మనిషి ఒకరుంటారు. ఏవో ఆకులు నూరిన పసరు తెచ్చి, ఇది తాగించు, సూది మానెయ్ అన్నవాళ్ళు నా గుమ్మంలోనే ఎంతమందో. ఒకసారి ధనుంజయ్ కూడా అన్నాడు, ఒక్క నెల సూద్దాం అని. ఒక్క నెల! మూడు రోజులు చాలు నీ కూతుర్ని కాటికి పంపడానికి అన్నాను. అప్పుడు కూడా నాది నోరు పెద్దది అన్నారు.

మా మామగారు సన్యాసిరావు కూడా కిడ్నీలు పోయే పోయారు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళేవాళ్ళు, తాగే నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి, కొబ్బరి నీళ్ళు అసలు ముట్టకూడదు అన్నారు. జీవితమంతా కొబ్బరితోటలో బతికిన మనిషి. చివర్లో ఒక మధ్యాహ్నం, ఒక్క బొండం కొట్టివ్వవే అని ఏడ్చారట. ఇంట్లో ఎవరూ లేరు. అత్త కొట్టిచ్చింది. మర్నాడు తెల్లారకుండా పోయారు. అది బొండం వల్లో కాదో ఎవరికి తెలుసు, అప్పటికే అయిపోయిన మనిషి. కానీ అత్త మాత్రం తానే చంపానని గట్టిగా నమ్మింది, కొబ్బరి నీళ్ళు మళ్ళీ ముట్టలేదు, అప్పటినుంచి జబ్బు మనిషి కనబడితే చాలు ముందున్న కంచం లాగేస్తుంది. నాకు ఇదంతా తెలుసు. తెలియడం వల్ల నా కోపానికి ఎంత కోపం వస్తోందో! తెలియకపోతే హాయిగా తిట్టుకుందును. ముసలిది ప్రేమతోనే తీసింది, భయంతోనే నా చెయ్యి పట్టుకుంది, అయితే ఏం చేయను? ప్రేమతో చేసినా నలభై ఆరు నలభై ఆరే. ఆవిడ దుఃఖానికి నా కూతురు ఎందుకు పస్తుండాలి?

తలుపు తోసుకుని ధనుంజయ్ వచ్చాడు. చొక్కా తడిసి ఉంది, ఒక చేతిలో గ్లూకోజు పొట్లం ఉంది. అంటే విషయం తెలిసే వచ్చాడు. పొట్లం బియ్యం బస్తా మీద పెట్టి, పిల్ల వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు.

“మా యమ్మని అందరి ముందూ తోసేత్తావా? మోసెయ్యంతా గీరుకుపోనాది. బయట నాను తలెత్తుకోలేకపోతన్నాను. ఎల్లి తప్పైపోనాదని సెప్పు.”

“పిల్లకెంత ఉందని అడగవేటి బావా?”

“ఎంతుంది?”

“ఇందాక నలభై ఆరు. మీ యమ్మ నా సెయ్యి ఇంకో అయిదు నిమిషాలు పట్టుకునుంటే, నువ్వీపాటికి అంబులెన్సుకి ఫోన్ సేత్తా ఉందువు.”

పిల్ల వైపు మళ్ళీ చూశాడు. “ముందు ఎల్లి పెరుగన్నం పట్రా, రెండు గరిటెలు. సెమాపణల సంగతి తర్వాత” అన్నాను. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు, మగవాడు ఆకు పట్టుకుని వంటలవైపు వెళ్తే జనం ఏమంటారో అని కాబోలు. వెళ్ళాడు. తెచ్చాడు. తెచ్చి, కింద కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంతలో పదిహేను నిమిషాలయ్యాయి. ఎనభై నాలుగు. ఇప్పటికి గండం గడిచింది. లోపల ఇన్సులిన్ ఇంకా రెండు గంటలు పనిచేస్తుంది కాబట్టి పంచదార ఒక్కటే నిలబెట్టదు, అన్నం పడాలి. ప్రియ లేచి కూర్చుని తినసాగింది, మెల్లగా, ఒక్కో ముద్దా. సగం తిన్నాక తల ఎత్తకుండానే అంది.

“మామ్మ లడ్డూ తీసేసినప్పుడే నాకు తెలుసమ్మా.”

“ఏటి తెలుసు?”

“లెక్క కట్టేసినాను. లడ్డూ ముప్పై, అన్నంలో ఇరవై తీసేసింది. అయిదు యూనిట్లు ఎక్కువైపోతాయి, పడిపోతానని తెలుసు.”

“మరి సెప్పలేదేటే! నాకాడికి రాలేదేటి? ఎవుర్నైనా అడిగి ఓ అరిటిపండు తింటే పోయేది కదే!”

“అడిగితే ఎందుకని అడుగుతారు కదా.” ముద్ద కలుపుతూ ఆగింది. “నువ్వే కదా సెప్పినావు. నలుగుర్లో సూది మాట ఎత్తొద్దు, అందరూ సూత్తారు అని. ఎవుల్లేని సోటికెల్లి కూకుంటే తగ్గిపోద్దేమో అనుకున్నాను.”

గోడకి ఆనుకున్న మనిషి కదిలాడు. ఆ మాట మొదట అన్నది ఆయనే. తెలిసినోల్లకి తెలిసింది సాలు, గుంటకి సూదులని ఊరంతా తెలిస్తే రేపు సంబంధాలు రావు అని. నేను రెండు రోజులు పోట్లాడాను, మూడో రోజు అలసిపోయాను, అలసిపోయి అదే మాటని నా నోటితో పిల్లకి చెప్పాను, బాత్రూంలో వేసుకో అమ్మా, తలుపేసుకుని వేసుకో అమ్మా. ఐదేళ్ళు చెప్పాను. గ్రాముల లెక్క నేర్పినదాన్ని నేనే, నోరు మూసుకోవడం నేర్పినదాన్నీ నేనే, రెండూ చక్కగా నేర్చుకుంది. లెక్క ఎంత బాగా నేర్చుకుందంటే పడిపోతానని ముందే తెలిసింది. నోరు మూసుకోవడం ఎంత బాగా నేర్చుకుందంటే ఒక్క అరటిపండు అడగలేక జీడిచెట్టు కింద చావడానికి కూర్చుంది. అంతసేపూ అత్త మీద, మొగుడి మీద, బంతిలో నవ్విన పిల్లల మీద పంచిన కోపమంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నా గుండె మీదకి వచ్చింది. వచ్చిందని అక్కడే ఆగిపోతే మళ్ళీ ఏడుస్తూ కూర్చోవడమే. కూర్చోదలచుకోలేదు. లేచాను.

“ఎక్కడికి?” అన్నాడు ధనుంజయ్.

“సెప్పమన్నావు కదా. సెప్తాను.”

షామియానా కింద ఆకులు ఎత్తుతున్నారు. అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మోచేతికి పసుపు అద్దారు, చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు, వాళ్ళలో బొడ్డమ్మ, మా అత్త చెల్లెలు, విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి పక్కకి జరిగారు. ధనుంజయ్ నా వెనకే వచ్చాడు, నేను చేతులు జోడిస్తానని.

“తోసినాను అత్తా, అది తప్పే. పెద్దదానివి, దెబ్బ తగిలింది, తప్పు నాదే” అన్నాను. బొడ్డమ్మ తల పంకించింది. నేను గొంతు ఇంకొంచెం పెంచాను, చివర చేతులు కడుక్కుంటున్న వాళ్ళకి కూడా వినపడేలా. “నా కూతురికి సుగరుంది. రోజుకి నాలుగు సూదులు ఏసుకుంటాది. ఇందాక లడ్డూకి కూడా సూది ఏసుకుని కూకుంది. నువ్వు లడ్డూ తీసేసినావు, సూది మాత్రం తియ్యలేవు కదా. దాంతో పడిపోనాది. పంచదార పెట్టకపోతే పోయేది. తోసినందుకు నాను సెప్పినాను. లాగినందుకు నువ్వు సెప్పాల. నాకు కాదు, దానికి.”

ధనుంజయ్ నా మోచెయ్యి పట్టుకుని “ఉషా” అన్నాడు, విదిలించుకున్నాను. అత్త నన్ను చూడలేదు, తన చేతుల్ని చూసుకుంది.

“తీపి తింటే పోద్దనుకున్నాను” అంది. “మీ మావకి పెట్టి ఓసారి పోగొట్టుకున్నాను. ఈసారి పెట్టకుండా కాసుకుందామనుకున్నాను.”

“తెలుసు” అన్నాను.

కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. బొడ్డమ్మ ఆసరా ఇవ్వబోతే వద్దంది. మెల్లగా నడుచుకుంటూ గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే ఆగాను. అత్త లోగొంతుకతో ఏదో గొణిగింది. ఆ తర్వాత ప్రియ గొంతు, నేను ఎప్పుడూ వినని గొంతు.

“నా ఆకులోంచి ఎందుకు తీసినావు? నన్ను అడిగినావా? ఒక్క మాట అడిగినావా మామ్మా? అందరూ నవ్వినారు! నాను లెక్క కట్టుకునే కూకున్నాను, నాకు తెల్దనుకున్నావా? నీకేటి తెలుసని తీసినావు?”

షామియానా అంతా ఇటే తిరిగింది. పెద్దావిడతో ఆ మాటలేంటి అని ఎవరో అన్నారు. గదిలోంచి అత్త ఏడుపు వినపడుతోంది, దాని మీదుగా ప్రియ అరుస్తూనే ఉంది, ఆపడం లేదు, ఐదేళ్ళది ఒకేసారి వస్తున్నట్టుంది. “గుంటకి మరీ నోరెక్కువైపోనాది” అంటూ ధనుంజయ్ గుమ్మం వైపు అడుగేశాడు. నేను రెండు చేతులూ చాపి, రెండు వైపుల ద్వారబంధం పట్టుకుని, అడ్డంగా నిలబడ్డాను.

“అననీ” అన్నాను.